పద్నాలుగో స్తంభం కింద

(‘గూడు లేని పిట్టలు’ నవల : తొమ్మిదో భాగం)

రైలు గేటు పక్క గుమ్టీ గదిలో నిలబడి, చేతిలో ఫోన్ పట్టుకొని ఉన్న మాన్‌సింగ్‌ను పోయిన వారం అక్కడే వదిలేసి వచ్చాం. డోర్నకల్ నుంచి బొగ్గు బండ్లు నడిచే లైను మీద అతను గేట్‌మన్. ఏడో తరగతితో బడి మానేసినవాడు. నాలుగు నెలలుగా ‘మంచు’ అనే యాప్‌లో, పాలపిట్ట అనే పేరుతో ఉన్న ఎవరితోనో ముచ్చట్లు పెడుతున్నాడు. ఆ యాప్‌లో ఎవరికీ సొంత పేరుండదు, ఫొటో ఉండదు. అందరివీ పిట్టల పేర్లే. చదివిన మాట చదివినట్టే మంచులా కరిగిపోతుంది. అక్కడ మాన్‌సింగ్ పేరు గిజిగాడు. తాను గేట్‌మన్‌నని అతను పాలపిట్టకు ఏనాడూ చెప్పలేదు. ‘మంగళారం పని కాడ ఓ తప్పు చేసిన తమ్మీ, మనసున పడ్తలేదు’ అని మాత్రం రాశాడు. దానికి వచ్చిన జవాబు ఇది:

‘గేటెయ్యకముందే నంబరిచ్చినవ్ గదా అన్నా? ఆదివారం జనగామకు రా. ఒకటో ప్లాట్‌ఫారం. స్తంభం నంబర్ ఒకటి-నాలుగు, పద్నాలుగు.’

మాన్‌సింగ్‌ను భయపెట్టింది మొదటి మాట కాదు, చివరి మాట. ఒకటి-నాలుగు, పద్నాలుగు. లోకంలో ఎవరైనా పద్నాలుగును పద్నాలుగు అనే అంటారు. దాన్ని ముందు విడదీసి, మళ్లీ కలిపి, రెండుసార్లు పలికేది ఒక్క రైలు పట్టాల మనుషులే.

* * *

ఆదివారం అతనికి రెస్టు. జనగామలో యూనియన్ మీటింగని భార్య గంగికి చెప్పాడు. ఆమె జొన్నరొట్టెలు గుడ్డలో కడుతూ ఒకసారి మొహంలోకి చూసింది. ఏమీ అడగలేదు. ఇరవై ఏళ్లు కాపురం చేసిన ఆడది అడగడం మానేసిందంటే నమ్మిందని కాదు, లెక్కలోకి తీసుకోవడం మానేసిందని.

మహబూబాబాద్‌లో పొద్దుటి బండెక్కాడు. కిటికీ పక్కన చోటు దొరికింది. బయట సన్నటి తుంపర. పత్తి చేలు, చేల మీద తెల్లటి ఆవిరి, ఆవిరిలో సగం మునిగిన తాటిచెట్లు. రోజూ కింద నిలబడి పచ్చజెండా పట్టుకొని సాగనంపే బండిలో తానే కూర్చోవడం మాన్‌సింగ్‌కు ఎప్పుడూ కలలాగే ఉంటుంది. ఒక గేటు వచ్చింది. గేటు దగ్గర ఖాకీ చొక్కా మనిషి జెండా పట్టుకొని నిలబడ్డాడు. రెప్పపాటు కనిపించి వెనక్కి జారిపోయాడు. ఇంకో గేటు, ఇంకో ఖాకీ చొక్కా. ప్రతి గేటు దగ్గరా నిలబడింది తానే అయినట్టు, తనను తానే దాటుకుంటూ పోతున్నట్టు అనిపించి అతను కళ్లు మూసుకున్నాడు.

ఈ పిట్టల గోలలో ఎందుకు పడ్డాడు అంటే, చెప్పడం కష్టం కాదు. మనిషి కనబడగానే జనం ముందు పేరడుగుతారు. పేరు చెబితే ఏ తండా అంటారు. తండా చెబితే చదువెంత అంటారు. ఆ తర్వాత ఇంకేమీ అడగరు. వాళ్లకు కావలసింది దొరికిపోయింది. నౌకరిలో చేరిన కొత్తలో సముద్రం వైపు నుంచి వచ్చిన ఒక సారు, మాన్‌సింగ్ మాట విని, అదే యాసలో తిరిగి పలికి, ఆఫీసంతా నవ్వించాడు. నవ్వినవాళ్లలో వరంగల్ వాళ్లూ ఉన్నారు. ఆనాటి నుంచి మాన్‌సింగ్ నోరు నంబర్లు చెప్పడానికే తెరిచేవాడు.

పాలపిట్ట పేరడగలేదు. ‘తిన్నవా?’ అనడిగింది. ‘ఆడ వాన పడ్తున్నదా?’ అనడిగింది. తాను భూపాలపల్లి గనిలో దిగే పిల్లగాణ్ణని చెప్పుకుంది. మనుషులను ఎక్కించుకునే రైలు భూపాలపల్లికి లేదు కనుక మాన్‌సింగ్ ఆ ఊరిని ఎప్పుడూ చూడలేదు. చూడని ఊరి మనిషికి ఏదైనా చెప్పొచ్చు. ఒకరోజు అది ‘అన్నా, నీకు మస్తు ఇష్టమైన చప్పుడేంది?’ అని రాసింది. నలభై ఆరేళ్ల జీవితంలో అతన్ని ఎవరూ అడగని ప్రశ్న. రెండు రోజులు ఆలోచించాడు. మూడో రోజు రాశాడు: ‘బండి పోయినంక పట్టాలు సన్నగ మోగుతయి. ఇగ అయిపోయిందనుకుంటం. మళ్ల వినబడ్తది. గది.’

ఆ మాట రాసిన సాయంత్రం అతను గేటు తాళం తీస్తూ పాట పాడుకున్నాడు. గంగి విని ఉంటే భయపడేది.

* * *

మంగళవారం సంగతి కూడా చెప్పాలి. ఎంత చిన్న తప్పో, అందులోనే ఎంత పెద్దదో తెలియాలి.

మాన్‌సింగ్ గేటుకు సిగ్నల్‌తో ముడి లేదు. మాటతోనే ముడి. బండిని వదిలే ముందు స్టేషన్ మాస్టరు కరుణ మేడం ఫోన్ చేసి గేటు వేయమంటుంది. అతను గేటు వేసి, తాళం బిగించి, గుమ్టీలోకి వచ్చి, తన దగ్గరున్న కాగితంలో వరుస ప్రకారం తరువాతి నంబరు చెబుతాడు. ఆమె దాన్ని రాసుకుని, అప్పుడు బండిని వదులుతుంది. ఆ రెండంకెలే గేటు పడిందనడానికి రుజువు. పైన దేవుడున్నాడు, కింద ఆ నంబరుంది. మధ్యలో ఇంకేమీ లేదు.

మంగళవారం మధ్యాహ్నం పాలపిట్ట అడిగింది: ‘నీకు గుర్తున్న మొదటి కల చెప్పన్నా.’ మాన్‌సింగ్ రాస్తున్నాడు. ఫోన్ మోగింది. ‘గూడ్సు ఉన్నది, గేటెయ్, నంబరియ్యి’ అంది కరుణ మేడం, ఎప్పటిలాగే ఊపిరి తీసుకోకుండా. రోడ్డు అటు ఖాళీ, ఇటు ఖాళీ. ‘మూడు-ఏడు, ముప్పై ఏడు’ అనేశాడు. ఈ ఒక్క మాట పూర్తి చేసి లేద్దామనుకున్నాడు. కలలో ఒక తెల్ల ఎద్దు ఉంది. ఎద్దు గురించి రాస్తుండగా ట్రాక్టరు చప్పుడయింది.

ట్రాలీలో తండా ఆడపిల్లలు, ఒళ్లో తీజ్ పండగ బుట్టలు. పెళ్లికాని పిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు నీళ్లు పోసి, పాటలు పాడి పెంచుతారు. చివరి రోజు ఒక్కో మొలకను తండ్రుల తలపాగాల్లో దోపి, మిగిలినవి చెరువులో కలుపుతారు. చెరువు పట్టాలకు అవతలుంది. గేటు తెరిచే ఉంది. ట్రాలీ పాట పాడుకుంటూ పట్టాలెక్కింది.

అప్పుడే కూత వినిపించింది.

వెనక చక్రం పట్టా దిగడం, ఇంజను గాలి ట్రాలీని కొట్టడం ఒకటే అయింది. అరుపులు. ఆ వెంటనే నవ్వులు. పదిహేడేళ్ల పిల్లలు కదా, చావు పక్క నుంచి పోయినా అది గాలే అనుకుంటారు. ఒక బుట్ట ఎగిరి కంకర మీద పడింది. ట్రాలీలో నుంచి అతని కూతురు గీత చెయ్యి ఊపుతూ అరిచింది: ‘బా! నా బుట్ట!’ బా అంటే వాళ్లింటి భాషలో నాయిన.

వానలో ఇంజను డ్రైవరుకు కనపడలేదో, కనపడినా ఊరుకున్నాడో, ఎవరూ ఏమీ రాయలేదు. బుట్ట మాత్రం ఇప్పటికీ గుమ్టీలోనే ఉంది. పాపం చేసినవాళ్లు గుడికి పోతారంటారు. మాన్‌సింగ్ ఐదు రోజులుగా ఆ బుట్టకు నీళ్లు పోస్తున్నాడు. చెరువులో కలవాల్సిన మొలకలు కలవక, జానెడు పెరిగి, పసుపు తిరిగి, ఒక పక్కకు వాలాయి. పొద్దున ఒక మొలక తెంపి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఎందుకో తనకే తెలియదు.

* * *

జనగామలో దిగేసరికి తుంపర ఆగి, ప్లాట్‌ఫారం మీద పల్చటి వెలుతురు పరుచుకుంది. రేకుల కప్పు ఎక్కడ అయిపోతుందో అక్కడ జనమూ అయిపోయారు. ఆపైన సిమెంటు బెంచీలు, తడిసిన కరెంటు స్తంభాలు. వాటి మీద తెల్ల అంకెలు. పన్నెండు. పదమూడు. పద్నాలుగు.

పద్నాలుగో స్తంభం కింద ఒక ఆడమనిషి గొడుగు మడిచి నిలబడి ఉంది. ముప్పై నాలుగు, ముప్పై ఐదేళ్లుంటాయి. మాన్‌సింగ్ వెతుకుతున్నది గనిలో పనిచేసే పిల్లగాణ్ణి. అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేరు. ఫోన్ తీసి ‘వచ్చిన’ అని పాలపిట్టకు రాశాడు.

మంచు యాప్‌లో మాట చేరితే నీటిబొట్టు రాలిన చప్పుడవుతుంది. ఒక నిమిషం గడిచింది. ఆడమనిషి సంచిలో నుంచి నీటిబొట్టు రాలింది.

ఆమె ఫోన్ తీసి పిట్ట బొమ్మ చూసింది, మాట తెరవలేదు. తల ఎత్తి మాన్‌సింగ్‌ను చూసింది.

“నువ్వా?” అంది.

వాళ్లిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నది ఒకే ఒక్కసారి, మూడేళ్ల కింద, ఆఫీసు వరండాలో. కానీ ఆమె గొంతును అతను రోజూ ఎనిమిది సార్లు వింటాడు.

“కరుణ మేడం...”

“ఇన్ని దినాలు నువ్వా మాన్‌సింగ్? ఫోన్ల ‘ఆ మేడం, సరే మేడం’ అనుకుంట, వెనుకకెల్లి గిది నడిపిస్తున్నవా? సిగ్గున్నదా?”

“నేనేం నడిపించిన మేడం?”

“ఒర్రకు. అందరు చూస్తరు.” చూడడానికి అక్కడ ఒక కుక్క తప్ప ఎవరూ లేరు. అరుస్తున్నది కూడా ఆమే. “నా ఇంటి ముచ్చట్లు, నా పిల్లగాని ముచ్చట్లు, అన్ని చెప్పించుకున్నవ్. నేను ఏడ్సింది సుత చెప్పిన నీకు!”

మాన్‌సింగ్‌కు కూడా కోపం వచ్చింది. కోపం అతనికి అలవాటు లేని చొక్కా. వేసుకోగానే భుజాల దగ్గర పట్టేసింది.

“మేడం, మీరు పెద్దోళ్లు. నౌకరి తియ్యాల్నంటే ఒక్క కాగితం రాస్తే అయిపోవు. తమ్మీ తమ్మీ అని నేను పానం పెట్టి మాట్లాడితే, నా నోట్లకెల్లి మాట గుంజి, జనగామ దాంక పిలిచి గిట్ల నిలబెడ్తరా?”

“తమ్మీనా?” కరుణ ఆగింది. “ఎవల్ని తమ్మీ అన్నవ్?”

“మిమ్మల్నే. భూపాలపల్లి గనిల చేస్త అన్నరు గద.”

“నేను నిన్ను అవ్వా అన్న. భూపాలపల్లిల పెద్దమనిషి, రిటైరైన పంతులమ్మ, ఒక్కతే ఉంటది, జనగామల కలుద్దాం రా అన్నది...” ఆమె గొంతు మెల్లగా తగ్గిపోయింది. “నువ్వు కాదా ఆ అవ్వ?”

“నేను అవ్వనెట్లయిత మేడం?”

ఆమె నవ్వబోయి ఆగిపోయింది. ఇద్దరూ ఫోన్లు తీశారు. బెంచీ మీద పక్కపక్కన పెట్టారు. రెండింటిలోనూ అదే నీలిరంగు పిట్ట బొమ్మ. పాలపిట్ట. ఒకరిని ‘అన్నా’ అంటోంది, ఇంకొకరిని ‘బిడ్డా’ అంటోంది. ఆమె ఫోన్‌లో ఇందాక వచ్చిన, ఇంకా తెరవని మాటను తెరిస్తే, కరిగిపోక ముందు మాన్‌సింగ్ చదివాడు: ‘అతను వచ్చిండు బిడ్డా. మాట్లాడుకోండ్రి.’

కరుణ బెంచీ మీద కూర్చుంది. దూరంగా ఒక గూడ్సు నెమ్మదిగా కదిలిపోతోంది. పెట్టె వెనక పెట్టె, పెట్టె వెనక పెట్టె. ఎక్కడికి పోతుందో ఎవరికీ పట్టని బండి.

“మా పిల్లగాడు హర్షవర్ధన్ మా అత్తగారింట్ల ఉంటడు, భూపాలపల్లిల,” అంది చివరికి. “నా డ్యూటీలకు ఈడ ఎవలు చూస్తరు? నెలకు రెండుమాట్ల పోత. ఆ అవ్వ అన్నది, ‘మీ పిల్లగాని బడి మా ఇంటెనుకనే బిడ్డా, పొద్దుగాల చూసిన, ఎర్ర సంచి ఏస్కొని పోతున్నడు’ అని. నేను ఎంత సంబరపడ్డనో... బడి పేరు నేనే చెప్పిన మాన్‌సింగ్. సంచి ఎర్రదని సుత నేనే చెప్పిన. నేను చెప్పిందే నాకు తిప్పి చెప్పింది.”

మాన్‌సింగ్ రొట్టెల మూట విప్పి ఒకటి ఆమె ముందుకు జరిపాడు. ఇంకేం చేయాలో అతనికి తెలియదు. ఆమె వద్దనలేదు. చిన్న ముక్క తుంచి చేతిలోనే పట్టుకుంది.

“నువ్వేం చెప్పినవ్ దానికి?” అనడిగింది.

చెప్పొద్దని మాన్‌సింగ్‌కు తెలుసు. ఎదుట ఉన్నది తన మీద రిపోర్టు రాయాల్సిన మనిషి. రాస్తే రేపటికి నౌకరి ఉండదు. పట్టాల మీద పనిచేస్తూ చనిపోయిన నాయిన పేరు మీద వచ్చిన నౌకరి అది. కానీ నాలుగు నెలలు మంచులో మాట్లాడినవాడు నోరు మూసుకోవడం మరిచిపోతాడు.

“మంగళారం నేను ఆ పిట్టకు రాసుకుంట, గేటెయ్యకముందే నంబరిచ్చిన మేడం. ముప్పై ఏడు. తీజ్ పిల్లల ట్రాలీ పట్టాల మీద ఉన్నది. అండ్ల నా బిడ్డ ఉన్నది.”

చెప్పేసి తల దించుకున్నాడు. ఇక అరుస్తుంది అనుకున్నాడు. అరవలేదు.

“అందుకే నువ్వు అంత జల్ది ఇచ్చినవ్,” అంది కరుణ, తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు. “నేను అనుకున్న, ఇంత జల్ది గేటెట్ల పడ్డది అని. అనుకొని సుత అడగలే. ఎందుకంటే, నీకు ఫోన్ చేసేటప్పటికే నేను బండిని వదిలిన.”

“మేడం?”

“ముందే వదిలిన. ఫోన్ల అవ్వతోని మాట్లాడుతున్న. పిల్లగానికి జరమొచ్చిందని రాసింది. అబద్ధమే కావచ్చు, నాకేమెరుక? సిగ్నల్ ఇచ్చినంక యాదికొచ్చింది, గేటుకు చెయ్యలే అని. నంబరు నువ్వు చెప్పినంక, టైం వెనుకకు వేసి బుక్కుల రాసిన.” ఆమె మొదటిసారి అతని కళ్లలోకి చూసింది. “నేను పద్ధతిగ అడిగి ఉంటే, నీకు మూడు నిమిషాలు ఉంటుండె అన్నా. నువ్వు ఆ ఎద్దు ముచ్చటో, ఏదో, రాసుకొని లేసి గేటెయ్యనీకె మస్తు టైము.”

అన్నా అంది. మూడేళ్లలో మొదటిసారి. మాన్‌సింగ్‌కు ఆ మాట ఎక్కడో లోపల తగిలింది. కానీ వెంటనే ఇంకోటి తట్టింది. తాను ఎద్దు సంగతి ఆమెకు చెప్పలేదు.

“ఎద్దు ముచ్చట మీకెవరు చెప్పిండ్రు?”

“అవ్వ చెప్పింది. ‘ఒకాయినకు తెల్ల ఎద్దు కలలోకి వస్తదంట బిడ్డా’ అని.” ఆమె బెంచీ మీది తన ఫోన్‌ను దూరం జరిపింది. “ఒకలయి ఒకలకు చెప్పింది.”

* * *

ఆ తర్వాత వాళ్లిద్దరూ వాదులాడుకున్నారు. మెల్లగా, పక్కపక్కన కూర్చుని, అన్నాచెల్లెళ్లు పొలం గట్టు మీద వాదులాడుకున్నట్టు.

“రేపు రాసిస్త మేడం. నా వంతు నేను రాసిస్త.”

“నువ్వు రాస్తే నాది సుత బయటికొస్తది. బుక్కు తీస్తరు, టైము చూస్తరు. అయిపోయిందేదో అయిపోయింది. ఎవ్వలకు ఏం కాలే. ఎందుకు కెలుకుడు?”

“గట్లనే అనుకున్న ఐదు దినాల సంది. గుమ్టీల నా బిడ్డ బుట్ట ఉన్నది మేడం. పొద్దుగాల పోంగనే నన్నే చూస్తది.”

“నా బిడ్డ సంగతేంది మరి? నా నౌకరి పోతే వాడు నన్ను చూస్తడా? మా అత్త అంటది, నౌకరి చేసే కోడలని మొక్కుతిమి, ఇప్పుడు అదీ లేదు అని. నువ్వు మగోనివి, కూలికి పోయినా అడిగేటోడు ఉండడు.”

“నన్ను అడిగేటోడు ఎప్పుడు లేడు మేడం,” అన్నాడు మాన్‌సింగ్. “అందుకే గద ఆ పిట్ట ఎంట పడ్డ.”

ఆమె వేరే మాట ఎత్తింది.

“నాకొకటి సమజ్ అయితలేదు. మంచుల ఉన్నోళ్లు వేలమంది. మనిద్దర్నే ఎట్ల పట్టింది?”

“నేనే దొరికిన. ఇంక ఎంతసేపని అడిగితే ఒకసారి ‘ఒకటి-ఏడు, పదిహేడు నిమిషాలు’ అని రాసిన. మీరు సుత గట్లనే రాసి ఉంటరు. రెండుసార్లు చెప్పుడు మనోళ్ల రోగం. చూసేటోనికి మనోడు అని తెల్వనీకె గదొక్కటి చాలు. మరి ఆ పిట్ట సుత గట్లనే రాసింది, ఒకటి-నాలుగు, పద్నాలుగు అని. అంటే అది సుత మనదే.”

“అందరు అట్ల అనరు మాన్‌సింగ్,” అంది కరుణ నెమ్మదిగా. “డోర్నకల్ వాళ్లు విడగొట్టి ఒక్కసారే అంటరు. కలిపి మళ్ల అనుడు నాకు ఒక్కాయిన నేర్పిండు. డ్యూటీల చేరిన మొదటి దినం. ఫోన్లనే. ‘మేడం, నంబరు ఒకసారి అంటే గాలి, రెండుసార్లు అంటే రాత’ అన్నడు.”

మాన్‌సింగ్ చేతిలోని రొట్టె కింద పెట్టాడు. ఆ మాట అతనికి కూడా తెలుసు. అదే గుమ్టీలో, అదే కుర్చీలో కూర్చుని, అదే మనిషి తనకూ చెప్పాడు.

“దుర్గయ్యన్న,” అన్నాడు.

ఇద్దరిలో ఎవరూ ఆ పేరు మూడేళ్లుగా పలకలేదు.

దుర్గయ్య మాన్‌సింగ్ కంటే ముందు నుంచే ఆ గేటు చూసినవాడు. ముప్పై ఏళ్ల సర్వీసు. ఒక పొద్దున డ్యూటీ మారడానికి మాన్‌సింగ్ కాస్త ముందుగా వచ్చాడు. వచ్చేసరికి బండి పోతోంది, గేటు తెరిచే ఉంది. దుర్గయ్య కుర్చీలో కూర్చుని శూన్యంలోకి చూస్తున్నాడు. రోడ్డు మీద పిట్ట కూడా లేదు. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ నంబరు ముందే ఇచ్చాడు, బుక్కులో ఉంది. విచారణ జరిగింది. నంబరు ముందే వచ్చిందని స్టేషన్ మాస్టరు కరుణ రాసిచ్చింది. గేటు తెరిచి ఉండగా చూశానని మాన్‌సింగ్ రాసిచ్చాడు. ఇద్దరూ నిజమే రాశారు. నిజం రాయడం ఎంత సులభమో, అది పక్కవాడి నిజమైనప్పుడు. రెండు సంతకాలకు దుర్గయ్య నౌకరి పోయింది. ఆ పొద్దున అతనికి ఏమయిందని విచారణలో ఒక్కరూ అడగలేదు.

పాలపిట్ట అడిగేది కదా. తిన్నవా అని. ఎందుకట్లున్నవని. ఎవరూ అడగని ప్రశ్నలన్నీ ఎవరి కడుపులో ముదిరాయో ఇప్పుడు మాన్‌సింగ్‌కు అర్థమయింది.

“జఫర్‌గఢ్‌ల ఉంటున్నడని విన్న,” అన్నాడు.

“నేను ఏం వినలే. వినాలని సుత అనుకోలే.” కరుణ కళ్లు తుడుచుకుంది. “మనం ఆయినకు చేసింది, మనతోని మనకే చేపిస్తున్నడు.”

రెండు ఫోన్లలో నీటిబొట్లు రాలాయి. రెండింటిలో ఒకటే మాట.

‘ఇంకొకలు రావాలె. లేవకుండ్రి.’

* * *

ప్లాట్‌ఫారం ఆ చివర పైవంతెన మెట్ల మీద ఒక మనిషి కనిపించాడు. మేఘం జారి సన్నని ఎండ పడింది. తడిసిన మెట్లన్నీ వెండిలా మెరుస్తున్నాయి. ఆ మెరుపులో మనిషి నల్లటి గీతలా దిగుతున్నాడు. చివరి మెట్టు దగ్గర ఆగి, ప్లాట్‌ఫారం మీదే అయినా, ఎడమకు చూశాడు, కుడికి చూశాడు. అప్పుడు నడిచాడు. ముప్పై ఏళ్లు గేటు చూసినవాడు ఇంట్లో గడప దాటినా అలాగే దాటుతాడు.

బాగా చిక్కిపోయాడు. భుజం మీద తువ్వాలు, చేతిలో పగిలిన అద్దం ఉన్న ఫోన్. స్తంభాల మీది అంకెలు ఒక్కొక్కటే చదువుకుంటూ వస్తున్నాడు. పెదవులు కదలడం దూరం నుంచే తెలుస్తోంది. ఒకటి-రెండు, పన్నెండు. ఒకటి-మూడు, పదమూడు.

మాన్‌సింగ్ లేచి నిలబడ్డాడు. పారిపోవాలనిపించింది, ఎదురు పోవాలనీ అనిపించింది. రెండూ కాక ఉన్నచోటే నిలబడ్డాడు. ఐదు రోజులుగా లోపల ఊగుతున్నదేదో ఒక్కసారి నిలకడగా ఆగింది. గేటు కింది దాకా పడి, తాళం బిగిసినప్పుడు అయ్యే చప్పుడు ఒకటి ఉంటుంది. అది విన్నాడు.

“దుర్గయ్యన్నా,” అన్నాడు, అతను దగ్గరికి రాగానే. “నువ్వేం అడగకు. నేనే చెప్త. మంగళారం నేను సుత గేటెయ్యకముందే నంబరిచ్చిన. నువ్వు చేసిందే నేను చేసిన. నువ్వు చేసిన నాడు రోడ్డు ఖాళీగుండె, నేను చేసిన నాడు పట్టాల మీద పదముగ్గురు పిల్లలుండిరి. రేపు పొద్దుగాల పోయి రాసిస్త. నీ మీద రాసిన ఈ చేతితోనే నా మీద రాసిస్త. నౌకరి పోతే పోనీ.”

కరుణ కూడా లేచింది. రొట్టె ముక్క ఇంకా ఆమె గుప్పిట్లోనే ఉంది. మాన్‌సింగ్ ఆమె వైపు చూడలేదు. చూస్తే అడిగినట్టు అవుతుంది.

“నేను సుత,” అంది చివరికి. “టైము నేను మార్చిన. నేనే రాసిస్త. కానీ మా పిల్లగాని జోలికి పోకు. నీ కాళ్లు మొక్కుత, వాని బడి పేరు మరిచిపో.”

దుర్గయ్య ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఆ చూపులో కోపం లేదు. గెలుపు కూడా లేదు. ఏదో తెలియని ఊళ్లో దిగి, దారి అడగబోతున్న మనిషి చూపు అది. అతని కళ్లు మాన్‌సింగ్ జేబు మీద ఆగాయి. వాడిపోయిన పసుపు మొలక అంచు మీంచి తొంగి చూస్తోంది.

“తీజ్ అయిపోయిందా?” అన్నాడు.

“అయిపోయిందన్నా. మా బిడ్డది మాత్రం కలపలే.”

“అట్లనా.” దుర్గయ్య తువ్వాలుతో మొహం తుడుచుకుని బెంచీ అంచున కూర్చున్నాడు. మెట్లు దిగి వచ్చిన ఆయాసం ఇంకా తీరలేదు. “గిదంత నాకెందుకు చెప్తున్నరో నాకైతే సమజ్ అయితలేదు. మీ గేటు ముచ్చట నాకెట్ల ఎరుకైతది? పిల్లగాని బడేంది మేడం? నాకే బడి ఎర్కలేదు.”

పగిలిన ఫోన్ రెండు చేతులతో పట్టుకుని, దీపం ఆరిపోకుండా అడ్డం పెట్టినట్టు, వాళ్ల ముందుకు చాచాడు. నీలిరంగు పిట్ట.

“మూణ్ణెల్ల సంది ఇది నాతోని మాట్లాడుతున్నది. బాపూ, తిన్నవా అంటది. ఆ పొద్దున నీకేమయింది బాపూ అని అడిగింది. నా కొడుకు సుత అడగలే ఆ మాట. అడిగితే చెప్పిన, మొత్తం చెప్పిన. జనగామకు రా, అంత తేలుస్త అన్నది.” తల ఎత్తి ఇద్దరినీ చూశాడు. “ఇప్పుడు చెప్పుండ్రి. మీ ఇద్దర్ల పాలపిట్ట ఎవలు?”

ముగ్గురూ ప్లాట్‌ఫారం పొడవునా చూశారు. అటు ఖాళీ, ఇటు ఖాళీ, పట్టాలు సన్నగా మోగుతున్నాయి.

మూడు ఫోన్లలోనూ ఒకేసారి నీటిబొట్టు రాలింది.